కర్నూలు నుంచి గువ్వలచెరువు ఘాట్ దాకా: తేలిక బండికి చలికాలం టైర్లు

చలికాలం టైర్లు అనగానే పక్కన మూడు శిఖరాలు, మధ్యలో మంచు పువ్వు గుర్తు ఉండే విదేశీ టైర్లు గుర్తొస్తాయి. 7 డిగ్రీల కన్నా దిగువ చలిలో కూడా గట్టిపడకుండా ఉండటానికి వాటి రబ్బరు మెత్తగా చేస్తారు. కర్నూలు, కడప వైపు డిసెంబరు తెల్లవారుజామున 15 డిగ్రీల చుట్టూ ఉంటుంది, మధ్యాహ్నానికి 30 దాకా వస్తుంది. ఆ వేడికి మంచు టైరు మెలికలు తిరుగుతుంది, స్టీరింగ్ తిప్పినా బండి ఆలస్యంగా వింటుంది, రబ్బరు కూడా తొందరగా అరిగిపోతుంది. మన సీమలో నవంబరు, డిసెంబరు నెలల్లో టైరును ఇబ్బంది పెట్టేవి ఈశాన్య రుతుపవనాల వాన, నాపరాయి ముక్కలు, రేగడి బురద. కాబట్టి ఇక్కడ చలికాలం టైరంటే తడి రోడ్డు మీద బాగా పట్టే మామూలు రోడ్డు టైరే.

మజ్దా మియాటా లాంటి తేలికైన, రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ బండ్లు మన దేశంలో అమ్మరు. ఇక్కడ ఆ సరదా తీర్చేవి 900 కేజీల చుట్టూ ఉండే స్విఫ్ట్, 1,100 చుట్టూ ఉండే పాత పోలో జీటీ. బండి తేలికైతే టైరు ఎంపికలో లెక్క మారుతుంది. బరువు మోసే బండ్ల కోసం పక్క గోడలు బలంగా చేసిన ఎక్స్‌ట్రా లోడ్ టైరు వేస్తే, దాన్ని నొక్కేంత బరువు ఈ బండికి లేదు. టైరు వేడెక్కదు, గతుకుల్లో ఎగురుతుంది, పట్టు తగ్గుతుంది. 185/65 ఆర్15 సైజులో (వెడల్పు 185 మిల్లీమీటర్లు, గోడ ఎత్తు అందులో 65 శాతం, రిమ్ 15 అంగుళాలు) లోడ్ ఇండెక్స్ 88 అంటే ఒక్కో టైరు 560 కేజీలు మోస్తుంది, నాలుగూ కలిపి 2,240. నలుగురు మనుషులు, సామాను ఎక్కినా ఇంకా మిగులే.

వెడల్పు పెంచాలనే మోజు చాలామందికి. 195/55 ఆర్16కి వెళ్తే చుట్టుకొలత దాదాపు అంతే ఉంటుంది, స్పీడోమీటర్ తప్పు చూపదు. కానీ టైరు గోడ ఎత్తు 120 మిల్లీమీటర్ల నుంచి 107కి దిగుతుంది. సాఫీ హైవే మీద అది ముచ్చటే. బనగానపల్లె దాటాక గుంటలో పడితే మాత్రం ఆ 13 మిల్లీమీటర్ల తేడా రిమ్ వంగడంలోనో, టైరు పక్క ఉబ్బడంలోనో తేలుతుంది. పైగా వెడల్పు టైరు నీటిని చీల్చుకుపోలేదు, నీటి మీద తేలుతుంది. ఈ దారికి 15 అంగుళాలే మేలు.

టైర్లు కర్నూలులోనే వేయించుకోవడం మంచిది. అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ యంత్రాలున్న షాపులు అక్కడ చాలానే ఉన్నాయి, సైజుల స్టాకూ దొరుకుతుంది. ఇంకో కారణమూ ఉంది. కొత్త టైరు పైన అచ్చు నుంచి వచ్చిన నునుపు పొర అరిగేదాకా పట్టు పూర్తిగా రాదు, దానికి రెండు మూడు వందల కిలోమీటర్లు పడుతుంది. కర్నూలు నుంచి బెలుం గుహలు, గండికోట మీదుగా కడప సుమారు 250 కిలోమీటర్లు. ఘాట్ ఎక్కే సమయానికి టైరు సిద్ధమవుతుంది. షాపులో టైరు గోడ మీద నాలుగు అంకెలు చదవాలి. 3624 అని ఉంటే 2024లో 36వ వారం తయారైంది. ఏడాది దాటిన టైరును కొత్త ధరకు అంటగడితే బేరం ఆడండి, రెండేళ్లు దాటితే వద్దనండి.

రెండే టైర్లు కొనేటప్పుడు చాలా షాపుల్లో ముందుకు వేస్తామంటారు, ఇంజన్ ముందుంది కదా అని. ఒప్పుకోకండి. కొత్తవి వెనక్కే వేయించాలి. ముందు టైరు నీటి మీద జారితే బండి నేరుగా పోతుంది, కాలు తీస్తే దారికొస్తుంది. వెనక జారితే బండి గిర్రున తిరుగుతుంది. వెనక డిక్కీ ఖాళీగా ఉన్న తేలిక బండిలో ఆ జారుడు మరీ తొందరగా వస్తుంది.

కర్నూలు నుంచి ఓర్వకల్లు, పాణ్యం దాకా నాలుగు వరుసల హైవే. అక్కడ టైరుకు పనేమీ లేదు, వాన పడితే తప్ప. గాలి ఒత్తిడి 30 పిఎస్‌ఐ ఉన్న టైరు నిలిచిన నీటి మీద సుమారు 90 కిలోమీటర్ల వేగానికి తేలడం మొదలుపెడుతుంది, 25కి దిగితే 83కే. గాడులు 3 మిల్లీమీటర్లకు అరిగిన టైరు అంతకన్నా ముందే జారుతుంది. చట్టం 1.6 దాకా ఒప్పుకుంటుంది, వాన ఒప్పుకోదు.

పాణ్యం దగ్గర బనగానపల్లె వైపు తిరిగాక అసలు కథ. యాగంటి, అవుకు, కొలిమిగుండ్ల దాకా నాపరాయి గనులు, పాలిష్ యూనిట్లు, సిమెంటు లారీలు. లారీల్లోంచి రాలిన పలుచటి రాతి పెచ్చులు రోడ్డు అంచున పడి ఉంటాయి, వాటి అంచు కత్తిలా ఉంటుంది. ఎదురు లారీకి దారివ్వడానికి మార్జిన్ దిగినప్పుడే గోడ తెగుతుంది. గోడ తెగిన టైరుకు పంక్చర్ వేయించినా నిలవదు, మార్చాల్సిందే. మధ్యలో 6 మిల్లీమీటర్ల లోపు రంధ్రమైతే బయటి నుంచి తాడు గుచ్చే పంక్చర్ ప్రయాణానికి సరిపోతుంది. ఊరు చేరాక లోపలి నుంచి పుట్టగొడుగు ప్యాచ్ వేయించాలి. బయలుదేరే ముందే స్టెప్నీ తీసి చూసుకోండి. కొన్ని బండ్లలో అది 14 అంగుళాలది, దాంతో వేగం 80 దాటకూడదు. బెలుం దగ్గర పార్కింగ్ విశాలం, ఇబ్బంది లేదు. యాగంటిలో కాకులు వాలవంటారు, టైరు షాపులూ అలాగే తక్కువ.

బసకు గండికోటలో పర్యాటక సంస్థ హరిత హోటల్ ఉంది. తెల్లవారుజామున కోట అంచున పెన్నా లోయ చూడాలంటే దాన్ని మించింది లేదు. అయితే వారాంతాల్లో ముందే బుక్ చేసుకోవాలి, పెట్రోలు, గాలి జమ్మలమడుగులోనే చూసుకుని పైకి పోవాలి. 12 వోల్టుల గాలి పంపు, సొంత గేజీ వెంట ఉంటే అక్కడి ఉదయమే కొలతకు మంచి సమయం. ఉష్ణోగ్రత 6 డిగ్రీలు తగ్గితే గాలి సుమారు 1 పిఎస్‌ఐ పడిపోతుంది. కర్నూలులో ఎండవేళ సరిగ్గా పెట్టించిన 32, తెల్లారి 29, 30 చూపిస్తుంది. చల్లగా ఉన్నప్పుడే డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ చెప్పినంత పెట్టండి. నైట్రోజన్ కోసం వెతకనక్కర్లేదు, మామూలు గాలిలో 78 శాతం అదే.

కోటకు పోయే దారి వాన వెలిస్తే బాగానే ఉంటుంది. పక్క పొలాల రేగడి మాత్రం గాడుల్లో నిండి టైరును నున్నగా చేసేస్తుంది. తారు రోడ్డు ఎక్కాక అర కిలోమీటరు నెమ్మదిగా పోతే మట్టి రాలిపోతుంది. అంతదాకా బ్రేక్ గట్టిగా తొక్కవద్దు.

కడపలో బస చేసేవాళ్లకు సౌకర్యం ఎక్కువ, అందం తక్కువ. పొద్దున కారం దోశ తిని, రాయచోటి రోడ్డులో గువ్వలచెరువు ఘాట్ ఎక్కండి. తేలిక బండికి ఇక్కడే ఆనందం. మలుపుల్లో సరుకు లారీలు అడ్డంగా వస్తాయి కాబట్టి మీ వరుస దాటకండి. దిగేటప్పుడు రెండో గేరు చాలు. పైన గువ్వలచెరువులో పాలకోవా తిని బండి దగ్గరికొచ్చి గేజీ పెడితే 3, 4 పిఎస్‌ఐ ఎక్కువ చూపించొచ్చు. వేడికి పెరిగింది, తీయకండి. తీస్తే మర్నాటి చలికి టైరు మెత్తబడుతుంది.