చిన్న వయసు ఫుట్‌బాల్ ఆటగాళ్లకు స్ప్రింట్ ఇంటర్వల్ కోర్సు: విశ్రాంతి దగ్గరే అసలు తేడా

13, 14 ఏళ్ల ఫుట్‌బాల్ ఆటగాళ్ల కోసం ఒక శిక్షణ కేంద్రం నడిపే 6 వారాల స్ప్రింట్ ఇంటర్వల్ (కొన్ని సెకన్లు పూర్తి వేగంతో పరుగు, ఆపై విరామం, మళ్లీ పరుగు) కోర్సులో మా అబ్బాయిని చేర్పించాను. వారానికి రెండు సెషన్లు ఉంటాయి, వార్మప్‌తో కలిపి ఏ సెషనూ గంటకు మించదు. పిల్లలు చెమటలు కక్కేలా గంటల తరబడి పరిగెత్తితేనే శిక్షణ అనుకునే తల్లిదండ్రులకు ఇది తక్కువగా కనిపించవచ్చు గానీ, నా దృష్టిలో ఈ కోర్సుకు ఉన్న పెద్ద బలం అదే.

వృత్తి ఆటగాళ్లు 90 నిమిషాల మ్యాచ్‌లో 10 నుంచి 12 కిలోమీటర్ల దాకా తిరుగుతారు. అందులో అధిక భాగం నడకా, నెమ్మది పరుగే అయినా, బంతిని ముందుగా అందుకోవడమో, ఎదుటి ఆటగాణ్ణి దాటిపోవడమో చాలాసార్లు 2 నుంచి 4 సెకన్ల వేగమైన పరుగు మీదే ఆధారపడి ఉంటుంది. అలాంటి పరుగును పూర్తి బలంతో మళ్లీ మళ్లీ తీయగలగాలంటే మైదానం చుట్టూ రౌండ్లు కొట్టించడం ఒక్కటే సరిపోదు.

నన్ను అన్నిటికంటే మెప్పించింది విరామం విషయంలో మొదటి కోచ్ చూపిన పట్టుదల. కొన్ని సెకన్ల పాటు శక్తినంతా పెట్టి పరిగెత్తినప్పుడు కండరం ముఖ్యంగా తనలో నిల్వ ఉన్న ఫాస్ఫోక్రియాటిన్ అనే తక్షణ శక్తినిచ్చే పదార్థాన్ని ఖర్చు చేస్తుంది. అందులో సగం సుమారు అర నిమిషంలో తిరిగి చేరుతుంది గానీ, దాదాపు పూర్తిగా నిండడానికి 3 నుంచి 5 నిమిషాలు పడుతుంది. తగినంత వ్యవధి ఇవ్వకుండా విజిల్ వేస్తే పిల్లవాడు పరిగెత్తడం మానడు, కాకపోతే అది స్ప్రింట్‌గా మిగలదు. ఈ కోచ్ 10 సెకన్ల పరుగుకు 2 నిమిషాల విరామం ఇచ్చి, పిల్లలు తొందరపడినా స్టాప్‌వాచ్ చూసుకుని గానీ వదిలేవారు కాదు. ఒక కుర్రాడి తల వెనక్కి వాలి, భుజాలు చెవుల దాకా లేచి, అడుగులు చప్పుడు చేస్తూ పడడం గమనించి, ఇంకా రెండు పరుగులు మిగిలి ఉండగానే ఆ రోజుకు అతన్ని ఆపేశారు. పెద్దల మీద ప్రయోగశాలల్లో చేయించే 30 సెకన్ల పరుగులను ఈ వయసు వారికి యథాతథంగా అంటగట్టకపోవడం కూడా నాకు నచ్చింది.

నాలుగో వారం నుంచి పరిస్థితి మారింది. కొత్త పిల్లలు చేరడంతో రెండు బృందాలను కలిపి ఒకే కోచ్‌కు అప్పగించారు. ఎవరి విరామం ఎంతో చూసేవారు లేక, వరుసలో ముందున్నవారు ఆయాసం తీరకముందే మళ్లీ బయలుదేరవలసి వచ్చింది. కోర్సుకు ప్రాణమైన అంశాన్నే ఇలా గాలికి వదిలేయడం నాకు మింగుడు పడలేదు.

ఇంకో లోపం ఇంతకన్నా తీవ్రమైనది. బృందాలను వయసును బట్టే చేశారు తప్ప ఎదుగుదలను బట్టి చేయలేదు. అబ్బాయిలు సగటున 14 ఏళ్ల ప్రాంతంలో, అమ్మాయిలు 12 ఏళ్ల ప్రాంతంలో అత్యంత వేగంగా పొడవు పెరుగుతారు. ఆ దశలో మడమ వెనక, మోకాలి చిప్ప కింద నొప్పులు సాధారణం. వేగంగా పరిగెత్తి ఒక్కసారిగా ఆగి తిరిగే వ్యాయామాలు వాటిని పెంచుతాయి. అయినా దరఖాస్తులో నొప్పుల గురించి గానీ, ఇటీవల పెరిగిన ఎత్తు గురించి గానీ ఒక్క ప్రశ్న లేదు. మా వాడు మడమ నొప్పి అని చెప్పిన తరువాతే మలుపులు తగ్గించారు. గాయాలు తగ్గించేందుకు రూపొందించిన ఫిఫా 11 ప్లస్ పద్ధతిలో చేయించిన 20 నిమిషాల వార్మప్ మాత్రం చివరిదాకా శ్రద్ధగా సాగిందని ఒప్పుకోవాలి.

ముగింపులో ఇచ్చిన ప్రగతి పత్రాన్ని నేను పెద్దగా లెక్కలోకి తీసుకోలేదు. 20 మీటర్ల పరుగును చేతి వాచీతో కొలిస్తే సెకనులో పదో వంతు తేడా కొలిచేవారి వేలి వల్లనే వచ్చేస్తుంది. 20 మీటర్లు వెళ్లి వచ్చి 10 సెకన్లు సేదదీరే యోయో పరీక్షను మొదట్లోనూ చివర్లోనూ పెట్టి ఉంటే ఆటకు పనికొచ్చే మార్పు తెలిసేది. మ్యాచ్‌ల రెండో సగంలో మా వాడు వెనక్కి పరిగెత్తి రక్షణలో చేరడం మెరుగైందని నాకు అనిపించింది, అయితే ఎదిగే వయసు కనుక ఆ ఘనత అంతా కోర్సుదే అనలేను.

ఇప్పటికే క్లబ్‌లో క్రమంగా సాధన చేస్తూ, ఒంట్లో ఏ నొప్పీ లేని పిల్లలకు ఈ కోర్సును సిఫారసు చేస్తాను. చేర్చేముందు ఒక్కో కోచ్‌కు ఎంతమంది పిల్లలో, మధ్యలో బృందాలను కలుపుతారో లేదో అడిగి తెలుసుకోండి; మ్యాచ్‌కు ముందు రోజు సెషన్ పడకుండా చూసుకోండి. బృందం చిన్నదిగా ఉంటుందని రాతపూర్వకంగా హామీ ఇస్తే, మడమ నొప్పి పూర్తిగా తగ్గాక మా అబ్బాయిని మళ్లీ పంపుతాను.