ఎన్‌కోర్ సీఎస్6 ప్రాజెక్టులు కొత్త విండోస్‌లో తెరవాలంటే: నేరుగా ఇన్‌స్టాలా, వర్చువల్ మెషీనా, డీవీడీస్టైలరా?

డీవీడీలకు మెనూలు కట్టే ప్రోగ్రామ్ అడోబీ ఎన్‌కోర్. దాని చివరి వెర్షన్ 2012లో వచ్చిన సీఎస్6. మరుసటి ఏడాది అడోబీ ప్రోగ్రాముల క్రియేటివ్ క్లౌడ్ (సీసీ) వెర్షన్లు వచ్చినా దానికి కొత్త వెర్షన్ రాలేదు. కానీ దాంతో కట్టిన పెళ్లి డీవీడీల ప్రాజెక్టులు స్టూడియోల హార్డ్ డిస్కుల్లో ఇప్పటికీ ఉన్నాయి. మెనూలో పేరు తప్పు పడిందని ఎవరైనా వస్తే వాటిని మళ్లీ తెరవాల్సిందే. దారులు మూడున్నాయి. ఏది ఎంచుకున్నా ముందు ఒకటి ఒప్పుకోవాలి: మూడు పనులనూ ఎన్‌కోర్ ఒక్కదాని చేతే చేయించకూడదు. వీడియోను ఎంపెగ్-2లోకి మార్చడం, మెనూలు అతికించడం, డిస్క్ రాయడం అనే మూడింటిలో మధ్యది మాత్రమే దానికి వదలాలి. కొత్త విండోస్ మీద పడే నిందల్లో చాలా భాగం నిజానికి మొదటి, మూడో పనుల్లో వచ్చే తంటాలే.

నేరుగా ఇన్‌స్టాల్ చేయడం

సీఎస్6 ఎన్‌కోర్ 64-బిట్ ప్రోగ్రామ్ కాబట్టి విండోస్ 10, 11ల్లో సాధారణంగా తెరుచుకుంటుంది. ఇది విడిగా రాదు. అడోబీ వీడియో ఎడిటర్ ప్రీమియర్ ప్రో సీఎస్6 ఇన్‌స్టాలర్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా నడిపి, జాబితాలో ఎన్‌కోర్‌కు టిక్ పెట్టాలి. 4కె మానిటర్ మీద అక్షరాలు చీమల్లా కనిపిస్తే షార్ట్‌కట్ ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ ట్యాబ్, అందులో హై డీపీఐ సెట్టింగ్స్‌కు వెళ్లి స్కేలింగ్‌ను ‘సిస్టమ్ (ఎన్‌హాన్స్‌డ్)’కు మార్చండి. మెనూ టెంప్లేట్ల లైబ్రరీ ఖాళీగా ఉంటే ప్రోగ్రామ్ పాడైనట్టు కాదు. ఆ సరుకు వేరే డౌన్‌లోడ్‌గా వచ్చేది. పాత కంప్యూటర్‌లో ఉంటే అక్కడి నుంచి తెచ్చుకోవాలి.

ప్రాజెక్టును తరలించేటప్పుడు ప్రాజెక్ట్ ఫైలును, దాని పక్కనే అదే పేరుతో ఉన్న ఫోల్డర్‌ను కలిపి తీసుకెళ్లాలి. ఫోల్డర్ వదిలేస్తే ఫైలు ఒక్కటీ ఎందుకూ పనికిరాదు. దారి చిన్నదిగా, సీ డ్రైవ్‌లో మొదటి స్థాయిలోనే ఉంటే మేలు. ఫోల్డర్ పేర్లలో తెలుగు అక్షరాలు, ప్రత్యేక గుర్తులు వద్దు.

క్విక్‌టైమ్ లేదని సతాయిస్తే దాన్ని వెతికి ఎక్కించకండి. విండోస్ క్విక్‌టైమ్‌కు ఆపిల్ 2016లోనే మద్దతు ఆపేసింది. అప్పటికే బయటపడిన భద్రతా లోపాలు అందులో అలాగే మిగిలిపోయాయి. మోవ్ ఫైళ్లను బయటే ఎంపెగ్-2 వీడియోగా, ఏసీ-3 ఆడియోగా మార్చి తెచ్చుకోండి. పాల్ (భారత్‌లో వాడే వీడియో పద్ధతి) అయితే 720×576, సెకనుకు 25 ఫ్రేములు, జీఓపీ (ఒక పూర్తి ఫ్రేము, దాని మీద ఆధారపడే ఫ్రేముల గుంపు) 15 ఫ్రేములకు మించకూడదు. బిట్‌రేట్ లెక్క ఇలా: 4.7 జీబీ డిస్క్‌లో రెండు గంటలు పట్టాలంటే మొత్తం సెకనుకు 5.2 మెగాబిట్లు వస్తాయి. మెనూలకు, అదనపు భారానికి 5 శాతం, 192 కిలోబిట్ల ఏసీ-3 ఆడియో తీసేస్తే వీడియోకు సగటున 4.7 మిగులుతుంది. ఆడియోను పీసీఎంగా, అంటే కుదించకుండా, ఉంచితే అదొక్కటే 1.5 మెగాబిట్లు తినేస్తుంది. మూడు గంటల పెళ్లిని ఒకే సింగిల్ లేయర్ డిస్క్‌లో కుక్కితే వీడియోకు దాదాపు 3.1 మాత్రమే దక్కుతుంది. తలంబ్రాల దగ్గర, డ్యాన్సుల దగ్గర బొమ్మ గళ్లుగళ్లుగా విరిగిపోతుంది. రెండు డిస్కులుగా చేయండి, లేదా 8.5 జీబీ డ్యుయల్ లేయర్ తీసుకోండి.

ఇలా ముందే సిద్ధం చేసిన ఫైళ్లను ఎన్‌కోర్ మళ్లీ మార్చదు. బిల్డ్ మధ్యలో వచ్చే పీజీసీ ఎర్రర్ చాలాసార్లు దాని సొంత ట్రాన్స్‌కోడింగ్ దగ్గరే మొదలవుతుంది కాబట్టి ఆ బెడద కూడా తగ్గుతుంది. ఒక చిక్కు మాత్రం ఉంది. చాప్టర్ గుర్తులు ఐ-ఫ్రేముల (జీఓపీ మొదట్లో ఉండే పూర్తి ఫ్రేముల) మీదే కూర్చుంటాయి. కచ్చితమైన చోట కావాలంటే ఎన్‌కోడ్ చేయకముందే ప్రీమియర్‌లో మార్కర్లు పెట్టాలి. ప్రీమియర్ సీసీ నుంచి డైనమిక్ లింక్ (ఎన్‌కోడ్ చేయకుండానే టైమ్‌లైన్‌ను ఎన్‌కోర్‌కు పంపడం) పనిచేయదు, సీఎస్6 నుంచే పనిచేస్తుంది.

చివరికి ఎన్‌కోర్ నుంచి బర్న్ చేయకండి. బిల్డ్‌లో డీవీడీ ఇమేజ్ (డిస్క్ మొత్తం ఒకే ఐఎస్ఓ ఫైలుగా) లేదా ఫోల్డర్ ఎంచుకుని, డిస్కులు రాసే ఇమ్‌గ్‌బర్న్‌తో రాయండి. దాని చివరి వెర్షన్ 2.5.8.0, 2013లో వచ్చింది. ఇన్‌స్టాలర్ వెంట అక్కర్లేని ప్రోగ్రాములు అంటగట్టే చరిత్ర దానికి ఉంది, ప్రతి టిక్కూ చూసి ముందుకెళ్లండి.

వర్చువల్ మెషీన్

అంటే మీ కంప్యూటర్ లోపలే మరో పాత విండోస్‌ను నడపడం. పాత ప్రాజెక్టులు పదుల్లో ఉండి ఏళ్ల తరబడి తెరవాల్సి వస్తే ఇదే మేలు. దీనికి వాడే వర్చువల్‌బాక్స్ ప్రోగ్రామ్‌లో 64-బిట్ విండోస్ 7 ఎస్పీ1, 4 జీబీకి తగ్గని ర్యామ్, కనీసం 60 జీబీ డిస్క్ కేటాయించండి. లైసెన్సులు మీవై ఉండాలి. విండోస్ 7కు ఉచిత భద్రతా అప్‌డేట్లు 2020 జనవరి 14తో ఆగిపోయాయి కాబట్టి యాక్టివేషన్ కాగానే నెట్‌వర్క్ తీసేయాలి. వర్చువల్‌బాక్స్ లోపలి విండోస్‌కు ఇచ్చే కొత్త గెస్ట్ అడిషన్స్ డ్రైవర్లు ఎక్కకపోతే షా-2 సంతకాలకు సంబంధించిన కేబీ4474419 అప్‌డేట్ లేదేమో చూడండి.

మరీ నత్తనడకగా ఉంటే విండోస్ 11లో మెమరీ ఇంటెగ్రిటీ అనే భద్రతా సెట్టింగ్ ఆన్‌లో ఉండొచ్చు. అప్పుడు వర్చువల్‌బాక్స్ విండోస్ సొంత వర్చువలైజేషన్ అయిన హైపర్-వి మీద ఆధారపడి నెమ్మదిస్తుంది. మెమరీ ఇంటెగ్రిటీని ఆపితే మీ అసలు కంప్యూటర్ రక్షణ తగ్గుతుంది. ఎన్‌కోడింగ్ ఎలాగూ బయటే చేస్తున్నారు, మెనూలకు ఆ వేగం సరిపోతుంది కాబట్టి నేనైతే ఆపను. షేర్డ్ ఫోల్డర్ నుంచి నేరుగా ప్రాజెక్ట్ తెరవకుండా లోపలి డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. డీవీడీ రైటర్‌ను లోపలికి ఇచ్చే ప్రయత్నం వద్దు, ఐఎస్ఓ బయటికి తెచ్చి రాయండి. ఈ పద్ధతి బలమంతా స్నాప్‌షాట్‌లో, అంటే మెషీన్ అప్పటి స్థితిని యథాతథంగా దాచుకోవడంలో, ఉంది. అన్నీ పనిచేస్తున్న రోజున ఒకటి తీసి, మెషీన్ ఫైళ్లను బయటి హార్డ్ డిస్క్‌లో భద్రపరిస్తే రేపు విండోస్ ఏ అప్‌డేట్ తెచ్చినా ఎన్‌కోర్‌కు సంబంధం ఉండదు.

డీవీడీస్టైలర్

ఇది డీవీడీలు తయారుచేసే ప్రోగ్రామ్. ఉచితం, ఓపెన్ సోర్స్. ఎన్‌కోర్ ప్రాజెక్టులను తెరవలేదు, బ్లూ-రే చేయలేదు. కొత్త డిస్కులకు మాత్రం ముందు దీన్నే చూడండి. ఉదాహరణకు అమెరికాలోని బంధువులకు ఎన్‌టీఎస్‌సీ (అక్కడి వీడియో పద్ధతి) కాపీ కావాలన్నారనుకోండి. ఎన్‌కోర్‌లో ఒకసారి పాల్‌గా మొదలైన ప్రాజెక్టును ఎన్‌టీఎస్‌సీగా మార్చలేం, కొత్తది కట్టాల్సిందే. ఎలాగూ కొత్తదే అయినప్పుడు యాక్టివేషన్ గొడవ లేని చోట కట్టడం నయం. వీడియోను ముందే 720×480, 29.97 ఫ్రేములకు మార్చి, టైటిల్ ప్రాపర్టీస్‌లో ‘కాపీ’ ఎంచుకుంటే మళ్లీ ఎన్‌కోడ్ కాదు.

తెలుగు మెనూ అక్షరాలను బయట బొమ్మగా చేసి నేపథ్యంగా పెట్టండి, ఒత్తులు చెదరవు. ఎన్‌కోర్‌లోనూ ఇదే పద్ధతి: ఫొటోషాప్‌లో తెలుగు లేయర్‌ను రాస్టరైజ్ చేసి (అక్షరాలను బొమ్మగా మార్చి), బటన్ గ్రూప్ పేరు ముందు (+), హైలైట్ లేయర్ ముందు (=1), వీడియో థంబ్‌నెయిల్ ముందు (%) ఉంచాలి. మెనూల పనితనంలో డీవీడీస్టైలర్ ఎన్‌కోర్‌కు సాటిరాదు. కదిలే బటన్లు, పొరలు పొరల హైలైట్లు కావాలనే కస్టమర్‌కు తేడా తెలుస్తుంది.

అందుకని ఒకటి రెండు పాత ప్రాజెక్టులైతే నేరుగా ఇన్‌స్టాల్ చేసి చూడండి, ఎక్కువైతే వర్చువల్ మెషీన్ కట్టండి, కొత్తవి డీవీడీస్టైలర్‌లో చేయండి. ఎన్‌కోర్ నడుస్తున్న పాత కంప్యూటర్‌ను మాత్రం తొందరపడి ఫార్మాట్ చేయకండి. యాక్టివేషన్ అడోబీ సర్వర్ చేతిలో ఉంటుంది. కొత్త చోట ఎన్‌కోర్ తెరుచుకుని, ఒక ఐఎస్ఓ బయటికొచ్చి, ఆ డిస్క్ మామూలు ప్లేయర్‌లో మెనూతో సహా ఆడాకే పాతదాంట్లో హెల్ప్ మెనూలోని డీయాక్టివేట్ నొక్కండి.