జాగ్రత్త: పసిపిల్లలకి ‘ప్యూర్ మెరినో’ ఊలని చెప్పి ఆక్రిలిక్ అంటగడుతున్నారు

చంటిపిల్లలకి స్వెట్టర్లు, టోపీలు అల్లేవాళ్ళందరికీ ఈ పోస్టు. ‘హ్యాండ్ డైడ్, 100 శాతం మెరినో, బేబీ సేఫ్’ అంటూ లేత రంగుల ఊలు చిలపలు (దారపు చుట్టలు) అమ్మే ఇన్‌స్టాగ్రామ్ పేజీలు ఈ చలికాలం తెగ కనిపిస్తున్నాయి. మెరినో అంటే ఆ పేరున్న జాతి గొర్రెల మెత్తటి ఊలు. వాటిలో ఒక పేజీ దగ్గర నేను కొన్నది మెరినో కాదు, అసలు ఊలే కాదు, ఆక్రిలిక్ అనే సింథటిక్ దారం. తూకం తక్కువ, రంగు కారుతోంది, డబ్బు వెనక్కి అడిగితే బ్లాక్ చేశారు. పేజీ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇలాంటివాళ్ళకి పేరు మార్చి ఇంకో పేజీ తెరవడం ఎంతసేపు? పేరు తెలియడం కంటే ఆ సరుకును పట్టుకోవడం ఎలాగో తెలిస్తేనే మీకు ఉపయోగం.

మా తమ్ముడికి పాప పుట్టింది. మరదలు వరంగల్‌లో పుట్టింట్లో ఉంది, మూడో నెల వెళ్ళాక ఢిల్లీ వెళ్ళిపోతారు. అప్పటికి జనవరి. మన హైదరాబాద్ చలికైతే కాటన్ టోపీ, పైన ఒక పంచె ముక్క చాలు, ఢిల్లీ జనవరికి అవి ఏ మూలకి? పురుడు వెళ్ళేదాకా ఎలాగూ పాత మెత్తటి గుడ్డలే వేస్తాం కాబట్టి అల్లడానికి కావలసినంత టైము ఉంది. మేనత్తని నేనుండగా మొదటి స్వెట్టర్ ఇంకెవరిదో ఎలా అవుతుంది?

మెరినో ఎందుకంటే, ఆ పోగు చాలా సన్నం. మంచి మెరినో పోగు మందం 20 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపే ఉంటుంది. ఒంటికి గుచ్చుకునేవి 30 మైక్రాన్లు దాటిన మోటు పోగులు. అందుకే పసిపిల్లల కోసం మెరినో అడుగుతారు, అందుకే దానికి అంత ధర. నేను చిలప 690 రూపాయల చొప్పున నాలుగు కొన్నాను. మామూలు ఆక్రిలిక్ అయితే అందులో నాలుగో వంతుకే వచ్చేస్తుంది. వీళ్ళ వ్యాపారమంతా ఈ తేడాలోనే ఉంది.

పార్సిల్ మాత్రం ముచ్చటగా వచ్చింది. టిష్యూ పేపరు, ఎండిన పువ్వు ఒకటి, చేత్తో రాసిన థాంక్యూ కార్డు, రెండు చాక్లెట్లు. లేనిదల్లా బిల్లు. చిలపకి కట్టిన అట్ట ముక్క మీద ‘బేబీ మెరినో’ అని తప్ప ఇంకేమీ లేదు. తయారుచేసినవాళ్ళ పేరు, అడ్రసు, గ్రాములు, మీటర్లు, ఏ సైజు సూదులు వాడాలి, ఎలా ఉతకాలి, షేడు నంబరు, లాటు నంబరు, ఒక్కటీ లేవు. ప్యాక్ చేసి అమ్మే సరుకు మీద తయారీదారు వివరాలు, నికర బరువు, ఎంఆర్‌పీ, ఫిర్యాదు చేయడానికి ఫోన్ నంబరు ఉండాలని 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్సు చెప్తున్నాయి. ‘మాది చిన్న హోమ్ బిజినెస్ మేడమ్’ అన్నది దానికి జవాబు కాదు.

వంటింటి వెయింగ్ మెషీన్ మీద పెడితే 100 గ్రాములని చెప్పిన చిలప 81 గ్రాములు తూగింది. రెండోది 79. మెసేజ్ పెడితే, ‘ఊలులో తేమ ఉంటుంది, దారిలో ఆరిపోయి బరువు తగ్గి ఉంటుంది’ అన్నారు. ఊలు తన బరువులో మూడో వంతు దాకా తేమ పీల్చుకోగలదన్న మాట నిజమే. అంటే నిజం తెలిసినవాళ్ళే ఈ సాకు చెప్తున్నారన్నమాట. ఆక్రిలిక్ మాత్రం ఒకటి రెండు శాతం మించి తేమ పట్టదు, అందులోంచి 20 గ్రాములు ఆరిపోవడం కుదరని పని.

శాంపుల్ ముక్క అల్లుతుంటే సూది మీద పోగు కిచకిచమంటూ జారింది. మా అత్తయ్యది నర్సాపురం వైపు. అక్కడి ఆడవాళ్ళు లేసు అల్లి ఊళ్ళకి ఊళ్ళు నిలబెట్టారు, దారం సంగతి వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఆవిడ ముక్కని రెండు వేళ్ళ మధ్య రుద్దిచూసి ‘కాల్చి చూడు’ అన్నారు.

స్టీలు పళ్ళెంలో, పట్టకారుతో పట్టుకుని, బెత్తెడు పోగు అంటించాం. మంట తగలకముందే పోగు ముడుచుకుపోయింది. తర్వాత నల్లటి పొగ, ప్లాస్టిక్ కాలిన ఘాటు వాసన. ఆరాక కొసన మిరియపు గింజలా గట్టిగా ఒక నల్ల పూస మిగిలింది. గోటితో నొక్కితే నలగలేదు. పోల్చి చూడ్డానికి పాత ఊలు శాలువా అంచు నుంచి ఒక పోగు లాగి అంటిస్తే, అది నెమ్మదిగా కాలి, మంట తీయగానే దానంతట అదే ఆరిపోయింది. వెంట్రుకలు కాలిన వాసన. బూడిద వేళ్ళ మధ్య పొడి అయిపోయింది. ఇక అనుమానానికి చోటేముంది? (కాటన్ అయితే కాగితంలా మండి మెత్తటి బూడిద అవుతుంది. ‘బేబీ కాటన్’ కొనేవాళ్ళకి ఇది పనికొస్తుంది.)

సగం ఊలు, సగం ఆక్రిలిక్ కలిపిన దారమైతే కాల్చి చూసినా సరిగ్గా తేలదు. అప్పుడు కాస్త పోగు గాజు గిన్నెలో వేసి, సోడియం హైపోక్లోరైట్ ఉన్న మామూలు బ్లీచ్ పోసి రాత్రంతా వదిలేయండి. ఊలు కరిగిపోతుంది, ఆక్రిలిక్, కాటన్ అలాగే మిగులుతాయి. చేతికి గ్లవ్స్ వేసుకోండి, ఆ బ్లీచ్‌లో బాత్రూమ్ క్లీనర్లు, యాసిడ్ లాంటివి ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకండి. నా పోగు పొద్దున్నకి రంగు వెలిసింది తప్ప చెక్కు చెదరలేదు. పేజీవాళ్ళకి చెప్తే ‘ఇది సూపర్‌వాష్ మెరినో, అందుకే అలా’ అన్నారు. సూపర్‌వాష్ అంటే ఉతికితే ముడుచుకోకుండా పోగు పైపొరని మార్చి, సాధారణంగా పల్చటి రెసిన్ పూత వేస్తారు. లోపల ఉండేది ఊలే. కాలిస్తే వెంట్రుకల వాసనే రావాలి.

ఆక్రిలిక్ మీద నాకు కోపమేమీ లేదు. మన బజార్లో దొరికే బేబీ ఊలులో చాలా భాగం అదే, లేబుల్ మీద ఆ మాటే రాసి అమ్ముతారు, ఉతకడం సులువు, పిల్లలు పెద్దగా పేచీ పెట్టరు. కానీ ఏది వేస్తున్నామో తెలిసి వేయాలి. మన ఇళ్ళల్లో తలంటుపోశాక పిల్లకి సాంబ్రాణి పొగ వేస్తాం. నిప్పుల మీంచి ఒక రవ్వ ఎగిరితే ఊలు మాడుతుంది, తీసేస్తే ఆరుతుంది. ఆక్రిలిక్ కరిగి ఒంటికి అతుక్కుంటుంది. పైగా చెమట పీల్చుకోదు, ఊలే కదా అని మందంగా కప్పితే చెమటకాయలు ఖాయం.

అసలు భయం రంగుతోనే. గోరువెచ్చటి నీళ్ళలో శాంపుల్ ముక్క ముంచగానే నీళ్ళు గులాబీ రంగుకి తిరిగాయి. రెండోసారి మార్చిన నీళ్ళూ అంతే. తడి తెల్లగుడ్డ పెట్టి రుద్దితే గుడ్డకి అంటింది. మూడు నెలల పిల్ల స్వెట్టర్ చెయ్యి నోట్లో పెట్టుకోకుండా ఉంటుందా? క్యాన్సర్ కారకాలు వెలువడే ప్రమాదం ఉందని 112 రకాల అజో, బెంజిడీన్ రంగుల్ని మన ప్రభుత్వం 1990ల్లోనే నిషేధించింది. లేబుల్ లేని చిలపలో ఏ రంగు వాడారో ఎవరిని అడుగుతాం? ఆ పేజీలో ఓకో-టెక్స్ గుర్తు (బట్టలు, దారాల్లో హానికర రసాయనాలు లేవని పరీక్షించి ఇచ్చేది) మాత్రం పెద్దగా వేసుకున్నారు. ఓకో-టెక్స్ స్టాండర్డ్ 100లో మూడేళ్ళ లోపు పిల్లల వస్తువులకి క్లాస్ 1 అని వేరే ఉంటుంది, అన్నిటికంటే కఠినమైనది అదే. అసలైన లేబుల్ మీద నంబరు ఉంటుంది, వాళ్ళ వెబ్‌సైట్‌లో ఎవరైనా సరిచూసుకోవచ్చు. నంబరు పంపమని నేను అడిగిన రోజే బ్లాక్ అయ్యాను.

అంతకుముందు వాళ్ళు చెప్పిన మాట: అన్‌బాక్సింగ్ వీడియో లేకపోతే రీఫండ్ లేదు. పార్సిల్ విప్పుతుంటే తీసిన వీడియోలో దారం ఆక్రిలికో కాదో కనిపిస్తుందా? అయినా వీడియో తీసి పెట్టుకోండి, తూకం దానిలోనే వేయండి. కనీసం బరువు దగ్గర నోరు మూతపడుతుంది.

డబ్బు పోయినవాళ్ళు ఊరుకోవద్దు. చాట్, ప్రొడక్ట్ పేజీ, యూపీఐ రసీదు స్క్రీన్‌షాట్లు ముందు తీసుకోండి, బ్లాక్ అయ్యాక దొరకవు. నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే ఫిర్యాదు నమోదు చేస్తారు. ఆన్‌లైన్‌లో అమ్మే సంస్థ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలని, నెలలోగా పరిష్కరించాలని 2020 ఈ-కామర్స్ రూల్సులో ఉంది. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక అమ్మినవాడి ఊరు వెళ్ళక్కర్లేదు, మనం ఉండే జిల్లాలోనే వేయొచ్చు. కొన్న ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. నా ఫిర్యాదు నమోదైంది, ఇంకా తేలలేదు. డబ్బులు యూపీఐలో ఎవరో వ్యక్తి పేరు మీద వెళ్ళాయి తప్ప షాపు పేరు మీద కాదు. డబ్బు కొట్టేముందు స్క్రీన్ మీద వచ్చే ఆ పేరు చూడండి.

పాప స్వెట్టర్‌కి ఊలు చివరికి సుల్తాన్ బజార్‌లో కొన్నాను. ఉండ మీద కాగితం పట్టీ, దాని మీద లాటు నంబరు ఉన్నాయి. ఒకే షేడైనా లాటు మారితే రంగులో తేడా వస్తుంది, అల్లేటప్పుడు తెలియదు, చెయ్యి కుట్టాక ఎండలో చూస్తే తెలుస్తుంది. అందుకని ఒకే లాటులో ఒక ఉండ ఎక్కువే తీసుకున్నా. విప్పనివి పట్టీతో తెస్తే వెనక్కి తీసుకుంటానన్నాడు షాపతను.

లేత గులాబీ, పిస్తా, వెన్న రంగుల్లో, అట్ట ముక్క మీద ‘బేబీ మెరినో’ అని చేతిరాతతో చిలపలు మీ దగ్గరా ఉంటే, ముందు ఒక పోగు కాల్చి చూడండి. రంగు కారితే మిగిలిన దారంతో సాక్సులు కూడా అల్లకండి. పైగా ఈ దారం పోగులుగా విడిపోతోంది, సాక్సు లోపలి వదులు పోగు కాలి వేలికి చుట్టుకుంటే రక్తం ఆగిపోతుంది. ఇప్పటికే అల్లి ఇచ్చేసి ఉంటే ఆ ఇంటికి ఇవాళే ఫోన్ చేయండి.