చర్చి విచారణ బడికి డబ్బు: నెలనెలా కవరా, విదేశీ విరాళమా?

హైదరాబాద్‌లో ఒక విచారణ, అంటే ఒక చర్చి కిందికి వచ్చే కథోలిక సంఘం, సొంత బడి కట్టాలంటే విదేశీ విరాళం మీదే ముందు ఆశ పడతారు. మొత్తం పెద్దదే, దారే ఇరుకు. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి ఉండాలి, డబ్బు న్యూఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. 2020 సవరణ తర్వాత ఒక సంస్థకు వచ్చింది ఇంకో సంస్థకు ఇవ్వడానికీ వీల్లేదు.

విచారణలోని కుటుంబాలు నెలనెలా చందా పెట్టి ఇచ్చే కవర్లది నత్తనడక. ఆదివారం పూజయ్యాక గుడి మెట్ల దగ్గర బల్ల, ఇంటిపేరు రాసిన కవర్లు, కార్బన్ కాగితం పెట్టిన రశీదు పుస్తకం. ఆటో నడిపే ఆయన ఇచ్చే రెండు వందలకూ రశీదు చింపాల్సిందే. అయినా నా ఓటు దీనికే. గోడ ఎంతవరకు లేచిందని ఇచ్చినవాళ్లే నిలదీస్తారు. ఫాదర్‌గారికి కాస్త టెన్షనే అనుకోండి! ఇచ్చినవాళ్లకు పన్ను మినహాయింపు కావాలంటే సంస్థకు ఆ గుర్తింపు ఉండాలి, 2,000 రూపాయలు దాటితే నగదు పనికిరాదు.