కింది బాణం నొక్కితే లవంలోకి

చూపులేని పిల్లలకు లెక్కలు చెబుతాను. తెర మీది రాతను పైకి చదివే ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్‌కు, గణితాన్ని చదివిపెట్టే మ్యాథ్‌క్యాట్ అనే సాఫ్ట్‌వేర్ తోడయ్యాక నా పాఠాల్లో మారింది ఒక్కటే, కానీ అది చాలా పెద్ద మార్పు. సమీకరణాన్ని పిల్లలు ఎవరి సాయం లేకుండా విప్పి చూసుకుంటున్నారు.

వర్గ సమీకరణ సూత్రమే తీసుకోండి. ‘మైనస్ బి ప్లస్ ఆర్ మైనస్ రూట్ బి స్క్వేర్ మైనస్ ఫోర్ ఏసీ బై టూ ఏ’ అని నేను చదివితే వర్గమూలం ఎక్కడ ముగిసిందో, టూ ఏ దేన్ని భాగిస్తోందో చెవికి అందదు. ఇప్పుడు ఎన్‌వీడీఏ కీ (మామూలుగా ఇన్సర్ట్), ఆల్ట్, ఎమ్ కీలు కలిపి నొక్కి సూత్రంలోకి దిగుతారు. భిన్నం దగ్గర కింది బాణం నొక్కితే లవం, అక్కడి నుంచి కుడి బాణం నొక్కితే హారం. పై బాణంతో మళ్లీ బయటికి. ఒక విద్యార్థిని ఎప్పుడూ వర్గమూలాన్ని మాత్రమే టూ ఏతో భాగించేది. ఎన్నిసార్లు సరిదిద్దినా మళ్లీ అదే పొరపాటు. ఒకరోజు తనే లవంలో అటూ ఇటూ తిరిగి, “టీచర్, మైనస్ బి కూడా పైనే ఉంది!” అంది. ఆ తప్పు మళ్లీ చేయలేదు.

అయితే గణితం మ్యాథ్‌ఎంఎల్ (సమీకరణ నిర్మాణాన్ని కంప్యూటర్‌కు తెలిపే కోడ్) రూపంలో ఉంటేనే ఇదంతా. బయటి నుంచి వచ్చిన ఒక నమూనా ప్రశ్నపత్రంలో సమీకరణాలన్నీ బొమ్మలుగా అతికించి ఉన్నాయి. ఎన్‌వీడీఏ ‘కింది సమీకరణాన్ని సాధించండి’ అని చదివి, ‘గ్రాఫిక్’ అనేసి ఊరుకుంది. తర్వాతి ప్రశ్నకూ అంతే. పిల్లలు కీబోర్డు మీద చేతులు పెట్టుకుని ఎదురుచూస్తూ కూర్చున్నారు. చివరికి నేనే పైకి చదవాల్సి వచ్చింది, పాత అయోమయమంతా తిరిగొచ్చింది. మ్యాథ్‌ఎంఎల్ 1998 నుంచి ప్రమాణంగా ఉంది. అయినా ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్లు బొమ్మ అతికించి చేతులు దులుపుకుంటే నాకు కోపం రాకుండా ఎలా ఉంటుంది? ఆ పత్రాన్ని మొత్తం మళ్లీ టైప్ చేసి వెబ్ పేజీగా ఇచ్చాను.

సాయం లేకుండా అన్నాను కానీ, అది చదవడం వరకే. మెట్టు మెట్టుగా సాధించడానికి మావాళ్లు ఇప్పటికీ టైలర్ ఫ్రేమ్ (చూపులేనివారు అచ్చులు అమర్చి లెక్కలు చేసే పలక) మీదికో, బ్రెయిలీ పలక మీదికో వెళ్తారు. గణితవేత్త అబ్రహాం నెమెత్ రూపొందించిన బ్రెయిలీ గణిత సంకేతాలను మ్యాథ్‌క్యాట్ బ్రెయిలీ డిస్‌ప్లేకు, అంటే చుక్కలు పైకి లేచి అక్షరాలయ్యే పరికరానికి, పంపుతుంది. వేలికి తగిలితే ఆ స్పష్టతే వేరు. కాకపోతే ఒకే వరుస కాబట్టి పొడవైన సూత్రం ముక్కలై వస్తుంది. సూత్రంలో లోతుకు వెళ్లినకొద్దీ ఎక్కడున్నామో మరిచిపోయే పిల్లలూ ఉన్నారు.

ఎన్‌వీడీఏ, మ్యాథ్‌క్యాట్ రెండూ ఉచితమే. మా పిల్లలకు బ్రెయిలీ ముందే వచ్చు, కీబోర్డు అలవాటే, పాఠాలు టైప్ చేసిపెట్టే తీరిక నాకుంది. పెద్ద తరగతిలో, కీబోర్డు కొత్తయిన పిల్లలతో ఇంత ధైర్యంగా చెప్పగలనో లేదో.