అమెజాన్ మూలికా వైద్యం: లాడ్జికా, గూడేనికా, పండుగకా?

మా అన్నయ్య కూతురు న్యూజెర్సీలో ఉంటుంది. రెండేళ్ళ క్రితం మా వదిన పోయినప్పటి నుంచి తనకు సరైన నిద్ర లేదు. దిగులు (డిప్రెషన్) తగ్గడానికి డాక్టరు రాసిన మాత్రలు వేసుకుంటోంది. పోయిన నెల ఫోను చేసి, "బాబాయ్, అమెజాన్ అడవిలో ఆదివాసుల దగ్గర మూలికా వైద్యం చేయించుకోవాలనుకుంటున్నాను. మూడు చోట్లు చూసిపెట్టుకున్నాను. ఏది మేలో నువ్వు చెప్పు" అంది. ఒకటి, పెరూలో ఇకిటోస్ నగరం పక్కన విదేశీయులు నడిపే లాడ్జి. రెండోది, అదే దేశంలో పుకాల్పా అనే ఊరి దగ్గర షిపిబో అనే ఆదివాసీ తెగకు చెందిన ఒక కుటుంబం తమ గూడెంలోనే నడుపుకొనే చిన్న వైద్యశాల. మూడోది, బ్రెజిల్‌లోని ఆక్రే రాష్ట్రంలో యవనవా ప్రజల గ్రామం. ఈ వైద్యం గురించి ఏళ్ళ తరబడి చదువుతున్నవాణ్ణి కాబట్టి నన్ను అడిగింది. తనకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

మూడు చోట్లా పెద్ద మందు ఒకటే. అయహువాస్కా అనే తీగను దంచి, చక్రూనా అనే మొక్క ఆకులతో కలిపి గంటల కొద్దీ కాచిన కషాయం అది. కెచువా భాషలో 'అయ' అంటే చనిపోయినవారి ఆత్మ, 'వాస్కా' అంటే తాడు, తీగ. షిపిబోలు దాన్ని 'ఓని' అంటారు, యవనవాలు 'ఊని' అంటారు. రెండూ పానో కుటుంబపు భాషలే. ఆకులో ఉండేది డీఎంటీ, కళ్ళ ముందు దృశ్యాలు కనిపించేలా చేసే పదార్థం. ఆ ఆకును మాత్రమే కాచి తాగితే కడుపులోని, కాలేయంలోని ఒక ఎంజైము డీఎంటీని విరిచేస్తుంది, ఏమీ జరగదు. తీగలోని హార్మిన్, హార్మలిన్ ఆ ఎంజైమును కొన్ని గంటలపాటు కట్టడి చేస్తాయి. అప్పుడే ఆకు పని మొదలుపెడుతుంది. అంతులేని మొక్కలున్న ఆ అడవిలో ఈ రెంటినీ జత కలపాలని తెలుసుకున్నవారికి నేను మనసులో ఎన్నోసార్లు దండం పెట్టుకున్నాను. తాగిన అరగంట, గంటలోపు మొదలై నాలుగు నుంచి ఆరు గంటలు ఉంటుంది. వాంతులు అవుతాయి. దాన్ని అక్కడ దుష్ఫలితంగా చూడరు. 'పుర్గా' అంటారు, కడుపూ మనసూ కడుక్కోవడం. ఆయుర్వేదంలో వమనం తెలిసిన మనకు ఇది వింతగా తోచదు.

అయితే ఆ ఎంజైమును కట్టడి చేయడంలోనే ప్రమాదమూ ఉంది. దిగులుకు వాడే సెర్ట్రలిన్, ఫ్లుయోక్సెటిన్ వంటి మాత్రలు ఒంట్లో ఉండగా ఈ కషాయం తాగితే సెరోటోనిన్ అనే రసాయనం ఒంట్లో హద్దు మీరి ప్రాణం మీదికి రావచ్చు. ట్రమడాల్ అనే నొప్పి మందు, దగ్గు సిరప్పుల్లో ఉండే డెక్స్‌ట్రోమెథార్ఫాన్ కూడా అంతే. గుండె జబ్బు, అదుపులో లేని రక్తపోటు, మూర్ఛ ఉన్నవాళ్ళూ, తమకు గానీ దగ్గరి రక్తసంబంధీకులకు గానీ స్కిజోఫ్రీనియా, బైపోలార్ వంటి జబ్బులు ఉన్నవాళ్ళూ దీని జోలికి పోకూడదు. చోటు ఎంచుకునే ముందే ఈ మాట తేలిపోవాలి.

ఇక లాడ్జి సంగతి. ఇకిటోస్‌కు బయటి నుంచి రోడ్డు లేదు, విమానంలోనో పడవలోనో చేరాలి. అక్కడి నుంచి నౌతా ఊరికి వెళ్ళే సుమారు 100 కిలోమీటర్ల దారి పొడవునా, లోపలి ఏటి గట్లమీదా ఇలాంటి కేంద్రాలు చాలా ఉన్నాయి. వారానికి వెయ్యి డాలర్లు దాటే చోట్లు అనేకం. వీటిలో మంచివాటికి ఒక గట్టి గుణం ఉంది: వచ్చేవారి ఆరోగ్య వివరాలు ముందే అడుగుతారు, వాడుతున్న మందుల జాబితా చూస్తారు, సరిపడనివారిని రావద్దంటారు, రాత్రి ఎవరికైనా బాగాలేకపోతే పట్నానికి చేర్చే ఏర్పాటు ఉంచుతారు. ఇంగ్లీషులో మాట్లాడేవారు పక్కన ఉంటారు. భయంలో ఉన్న మనిషికి తన మాట అర్థమయ్యేవారు పక్కన ఉండటం చిన్న విషయం కాదు.

నాకు నచ్చనిది వేరే ఉంది. అక్కడ వైద్యుడు జీతగాడు. స్థలం ఒకరిది, డబ్బు ఒకరిది, నిర్ణయాలు ఒకరివి. పాటలు పాడి, రాత్రంతా మేలుకొని, రోగి భారం మోసేది మాత్రం ఊరి నుంచి రప్పించిన షిపిబో పెద్ద. పాతిక మందిని ఒక్క కప్పు కింద కూర్చోబెట్టి, ఎవరి బాధ ఏమిటో నింపాదిగా అడిగే తీరిక లేకుండా, వారంలో నాలుగు రాత్రులు కషాయం పోసే చోట్లు ఉన్నాయి. అన్నీ అలాంటివే అనను. కానీ అందంగా తీర్చిన వెబ్‌సైటు ఆ తేడాను చెప్పదు. 2012లో పెరూలో ఇలాంటి ఒక కేంద్రానికి వెళ్ళిన 18 ఏళ్ళ అమెరికా కుర్రవాడు చనిపోతే, కషాయం ఇచ్చినతను ఆ సంగతి దాచి శవాన్ని పాతిపెట్టాడు. ఆ కేంద్రానికీ మంచి పేరే ఉండేది.

షిపిబో గూడెం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. పుకాల్పా లిమా నుంచి విమానంలో గంట దూరం. ఊరి పక్కనే యారినకోచా సరస్సు, దాని ఒడ్డున షిపిబో గూడేలు. ఇక్కడి వైద్యుణ్ణి 'ఒనాన్యా' అంటారు, అంటే తెలిసినవాడు. ఆడవాళ్ళూ ఒనాన్యాలే, చాలామంది ఉన్నారు. వైద్యం నడిచేది 'ఇకారో' అనే పాటలతో. ఒక్కో రోగికి ఎదురుగా కూర్చుని అతని కోసం విడిగా పాడతారు. వారి వస్త్రాలమీద కనిపించే 'కెనే' అనే అల్లికల బొమ్మలకూ ఆ పాటలకూ సంబంధం ఉందని వారే చెబుతారు. పెరూ ప్రభుత్వం 2008లో అయహువాస్కాకు సంబంధించిన ఆదివాసీ జ్ఞానాన్నీ, వాడుకనూ జాతీయ సాంస్కృతిక వారసత్వంగా ప్రకటించింది. అదే ఏడాది కెనేకూ ఆ గౌరవం దక్కింది.

బయటివారు గుర్తించనిది ఒకటుంది. పాత పద్ధతిలో కషాయం తాగేది ముఖ్యంగా వైద్యుడు. రోగం ఎక్కడుందో చూడటానికి, ఏ పాట పాడాలో వినడానికి తాగుతాడు. రోగి చాలాసార్లు తాగడు, పడుకొని పాట వింటాడు. వచ్చిన ప్రతివాడికీ గిన్నె అందించడం బయటివాళ్ళు రావడం మొదలయ్యాక పెరిగిన అలవాటు. మా అమ్మాయి ఈ మాట విని చాలాసేపు మౌనంగా ఉండిపోయింది.

రెండోది పథ్యం. స్పానిష్‌లో 'దియేత' అంటారు గానీ, ఆ మాటకు తెలుగులో పథ్యం కన్నా సరిగ్గా అతికే పదం లేదు. ఉప్పు లేదు, తీపి లేదు, కారం లేదు, నూనె లేదు, పందిమాంసం లేదు, మద్యం లేదు, సంసారం లేదు. ఉడికించిన అరటికాయ, కొద్దిగా చేప, అన్నం. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడకుండా ఒక గుడిసెలో ఉంటూ, ఒకే ఒక మొక్కను, ఉదాహరణకు బోబిన్సానానో అహో సాచానో, రోజూ కాస్త పుచ్చుకుంటూ వారాలు గడపాలి. ఒనాన్యా అయ్యేవారు ఇలా ఏళ్ళ తరబడి చేస్తారు. ఆ మొక్కే తమకు పాట నేర్పుతుందంటారు. లంఖణం పరమౌషధం అని పెరిగినవాళ్ళం మనం. మందు గిన్నెలో కన్నా మానుకున్నవాటిలో ఎక్కువ ఉంటుందన్న మాట మనకు విడమరచి చెప్పనక్కరలేదు. ఐదు రోజుల ప్యాకేజీలో ఈ పథ్యానికి చోటెక్కడ?

గూడెంలో ఉండే కష్టాలూ చెప్పాలి. ఆరోగ్యం గురించి లోతుగా అడిగేవారు లేకపోవచ్చు. మీ మాత్ర పేరు ఆ పెద్దాయనకు తెలియకపోవచ్చు, దాని గురించి మీరే తెలుసుకొని వెళ్ళాలి. స్పానిష్ రాకపోతే ఇబ్బంది. దోమలు, ఉక్క, రాత్రి దీపం ఉండదు. కుటుంబం నడిపేదంతా నమ్మదగినదే అనుకోవడమూ పొరపాటు. వైద్యం పేరుతో ఆడవాళ్ళమీద చెయ్యి వేసినవాళ్ళు లాడ్జీల్లోనూ ఉన్నారు, గూడేల్లోనూ ఉన్నారు. అందుకే మా అమ్మాయికి ఒకే మాట చెప్పాను: ఆ ఇంట్లో పాడే ఆడమనిషి ఉందో లేదో కనుక్కో, లేకపోతే వద్దు. ఇంకొకటి, కషాయంలో 'తోయె' కలుపుతారా అని అడగాలి. తోయె మన ఉమ్మెత్తకు దగ్గరి చుట్టం. ఉమ్మెత్త మనిషిని ఏం చేస్తుందో మన పల్లెల్లో తెలియనిదెవరికి? కలుపుతామంటే వెనక్కి వచ్చేయాలి.

భద్రత గురించి మాట్లాడితే వారి భద్రత కూడా మాట్లాడాలి. 2018 ఏప్రిల్‌లో షిపిబో పెద్ద, పాటగత్తె, 81 ఏళ్ళ ఒలీవియా అరేవలోను ఆమె గూడెంలోనే కాల్చి చంపారు. వైద్యం నేర్చుకోవడానికి వచ్చిన ఒక కెనడా దేశస్థుడే చంపాడని ఊరివాళ్ళు అతన్ని కొట్టి చంపారు. రెండు చావులూ బయటివారి రాకతో ముడిపడినవే. ఆ ఏడాదే షిపిబో వైద్యులు యారినకోచాలో ఒకచోట చేరి తమ సంఘాన్ని పెట్టుకున్నారు. ఏ కుటుంబం దగ్గరికి వెళ్ళాలన్నా అలాంటి సంఘాన్ని ముందు అడగడం మంచిది.

యవనవాల గ్రామం ఈ రెంటికీ భిన్నమైన ప్రయాణం. క్రుజెయిరో దో సుల్ వరకు విమానం, అక్కడి నుంచి రోడ్డు, ఆపైన గ్రెగోరియో నదిలో గంటల కొద్దీ పడవ. ఒకప్పుడు రబ్బరు యజమానుల కింద, మిషనరీల నీడలో తమ పాటలనే పాడుకోలేకపోయిన ప్రజలు వీరు. 1980ల్లో తమ భూమిని దక్కించుకొని, ఆ యజమానులనూ మిషనరీలనూ సాగనంపి, ఆచారాలను మళ్ళీ నిలబెట్టుకున్నారు. 1993 నుంచి ఒక అమెరికా సౌందర్య సాధనాల సంస్థకు జాఫ్రా గింజలు అమ్మి సంపాదన చూసుకున్నారు. వైద్యులు కావడానికి మగవారికే పరిమితమైన కఠిన శిక్షణను పుతానీ, హుషాహూ అనే ఇద్దరు అక్కచెల్లెళ్ళు పట్టుబట్టి పూర్తిచేశారు. ఏటా జరిగే పండుగకు బయటివారిని అతిథులుగా పిలుస్తారు. పగలు ఆటలు, గుండ్రంగా చేరి పాటలు, రాత్రి ఊని.

ఇక్కడ డబ్బు నేరుగా ఊరికి చేరుతుంది, నిర్ణయం ఊరిది. అది నాకు చాలా విలువైనదిగా తోస్తుంది. బ్రెజిల్‌లో ఆదివాసీ భూమిలో అడుగుపెట్టాలంటే ఫునాయ్ అనే ప్రభుత్వ సంస్థ అనుమతి కావాలి. 2010 నాటి నిబంధన ప్రకారం కషాయాన్ని అమ్మడం, దాన్ని చూపి పర్యాటకం నడపడం కుదరదు. అందుకే తీసుకునేది బసకూ భోజనానికీ పడవకూ. అయితే పండుగ పండుగే. వందల మంది మధ్య, ఆసుపత్రికి ఒక రోజు దూరంలో, ఒంటరి దుఃఖంతో వచ్చిన మనిషిని కనిపెట్టుకొని ఉండటం ఎంతటివారికైనా కష్టం. జబ్బు నయం చేసుకోవడానికి వెళ్ళే చోటు కాదది, ఒక జాతి తిరిగి లేచి నిలబడటాన్ని చూసి నమస్కరించడానికి వెళ్ళే చోటు.

ఈ మూడూ కాక, కొలంబియాలోనూ ఈ వైద్యం ఉంది. అక్కడ ఇంగా, సియోనా, కోఫాన్, కమెంత్సా, కొరెగువాహే తెగల వైద్యులు 1999లో ఒక సంఘంగా ఏర్పడి, ఎవరు వైద్యం చేయవచ్చో, ఎలా చేయాలో తామే నియమాలు రాసుకున్నారు. సాయుధ ముఠాల గొడవ వల్ల ఆ వైపు ఇప్పుడు పొమ్మని ఎవరికీ చెప్పను.

డబ్బు ఎవరికి చేరుతుందన్నది పక్కకు నెట్టే విషయం కాదు. 1986లో ఒక అమెరికన్ ఈ తీగ రకం ఒకదానిమీద పేటెంటు సంపాదించాడు. అమెజాన్ ఆదివాసుల సమాఖ్య పోరాడితే 1999లో రద్దయింది, 2001లో మళ్ళీ అతనికే దక్కింది, 2003లో గడువు తీరేదాకా పోలేదు. పసుపుమీద 1995లో ఇచ్చిన పేటెంటును 1997లో రద్దు చేయించుకున్న దేశం మనది. మన వంటింటి పసుపు కోసం మనకు కలిగిన కోపం వారికీ ఉంటుంది.

ఇక తీర్పు. ఒంట్లో ఏ మాత్రా లేని, గుండె గట్టిగా ఉన్న, మూడు వారాలు తీరిక ఉన్న, కాస్త స్పానిష్ వచ్చినవారికి నేను షిపిబో కుటుంబాన్నే చెబుతాను. ఐదు రోజులే ఉండి కషాయం తాగాలనుకునేవారు గూడేనికి వెళ్ళి ఆ ఇంటివారి శ్రమ పాడుచేయకూడదు. ఆరోగ్య వివరాలు గట్టిగా చూసే, వైద్యుల వాటా ఎంతో దాచకుండా చెప్పే లాడ్జి దొరికితే వారికి అదే సరి. మొదటిసారి వెళ్ళేవారికి, రాత్రి పక్కన ఒక నర్సు కావాలనుకునేవారికి కూడా లాడ్జిలో తప్పేమీ లేదు. కేవలం చూడాలని, తెలుసుకోవాలని ఉంటే యవనవాల పండుగ.

మా అమ్మాయి ఊరుకోలేదు. "దిగులుకు పనిచేస్తుందని పరిశోధన వచ్చింది కదా బాబాయ్" అంది. వచ్చింది. బ్రెజిల్‌లోని నతాల్ నగరంలో మందులకు లొంగని దిగులుతో ఉన్న 29 మందిమీద చేసి 2018లో ప్రచురించారు. ఏడో రోజుకు కషాయం తాగినవారిలో 64 శాతానికి, ఉత్తుత్తి మందు తాగినవారిలో 27 శాతానికి గుణం కనిపించింది. కానీ వారందరిచేతా పాత మందులు డాక్టర్ల పర్యవేక్షణలో మాన్పించాకే, ఆసుపత్రిలో ఉంచి ఇచ్చారు. మాత్రలు తనంతట తాను ఆపేసి విమానం ఎక్కడం దానితో పోల్చదగినది కాదు. ఫ్లుయోక్సెటిన్ వంటిది ఒంట్లోంచి పోవడానికే ఐదారు వారాలు పడుతుంది.

చివరికి తనకు రెండు పనులు చెప్పాను. ముందు మాత్రలు రాసిన డాక్టరుతో దాపరికం లేకుండా మాట్లాడమన్నాను. అమెజాన్ నుంచి నేరుగా మన ఊరికి రావాలనుకుంటోంది కాబట్టి ఎల్లో ఫీవర్ టీకా కనీసం పది రోజుల ముందు వేయించుకోమన్నాను. ఆ పత్రం లేకుండా పెరూ, బ్రెజిల్‌ల నుంచి దిగితే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచుతారు. ఇక్కడి నుంచి వెళ్ళేవారికైతే హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. కషాయం మాత్రం సీసాలో పోసుకొని తేకూడదు. డీఎంటీ మన దేశపు 1985 నాటి మాదకద్రవ్యాల నిరోధక చట్టం (ఎన్‌డీపీఎస్) జాబితాలో ఉంది.

నిన్న రాత్రి తను పుకాల్పా కుటుంబానికి రాసిన ఉత్తరం నాకు పంపింది. అందులో ఒకే ప్రశ్న అడిగింది: "నేను మాత్రలు మానలేను, కషాయం తాగను, మొక్కలు కూడా తీసుకోను. పాట వినడానికి, ఆకుల స్నానం చేయడానికి, మీ ఇంట్లో పథ్యంగా తినడానికి మాత్రమే వస్తే చికిత్స చేస్తారా?" వారు సరేనంటే వెళ్ళమన్నాను. తాగితేనే రమ్మంటే, ఆ ఇల్లు ఎవరిదైనా సరే, వద్దన్నాను.