న్యూజిలాండ్ పాస్‌పోర్టుతో ఆస్ట్రేలియాకా, పీఆర్ (శాశ్వత నివాస వీసా)తోనా? ఇంట్లో వైకల్యం ఉన్న బిడ్డ ఉంటే ఏది మేలు?

ఆక్లాండ్‌లో ఉన్న మనవాళ్లలో చాలామంది సిటిజన్‌షిప్ చేతికి రాగానే సిడ్నీ వైపో, బ్రిస్బేన్ వైపో చూస్తారు. జీతాలు ఎక్కువ, వీసా టెన్షన్ లేదు. న్యూజిలాండ్ పాస్‌పోర్టు ఉంటే దిగగానే 444 వీసా ఇస్తారు. ఎన్నేళ్లయినా ఉండొచ్చు, ఏ పనైనా చేసుకోవచ్చు. కానీ ఆటిజం ఉన్న పిల్లవాడో, చక్రాల కుర్చీలో ఉన్న మనిషో ఇంట్లో ఉంటే ఆ ఒక్క వీసా చూసుకుని బయల్దేరకూడదు. ఆస్ట్రేలియాలో ఉండనిచ్చినంత మాత్రాన సాయం అందుతుందని కాదు.

వైకల్యం ఉన్నవాళ్లకు అక్కడ అసలైన ఆసరా ఎన్‌డీఐఎస్ అనే జాతీయ వైకల్య బీమా పథకం. థెరపీ, పరికరాలు, ఇంటికొచ్చి చూసుకునే మనిషి, అన్నిటికీ ఇదే డబ్బిస్తుంది, ఆదాయం చూడదు. 65 ఏళ్లలోపు చేరాలి. చేరాలంటే ఆస్ట్రేలియా పౌరసత్వమో, శాశ్వత వీసానో ఉండాలి. 444 మీద ఉన్నవాళ్లలో 2001 ఫిబ్రవరి 26 నాటికే అక్కడ స్థిరపడ్డ 'ప్రొటెక్టెడ్' వర్గానికే ఇది వర్తిస్తుంది. ఇప్పుడు కొత్తగా వెళ్లేవాళ్లకు మెడికేర్ అనే ప్రభుత్వ వైద్యసాయం ఉంటుంది, పిల్లలున్న కుటుంబాలకిచ్చే ఫ్యామిలీ ట్యాక్స్ బెనిఫిట్ రావచ్చు, ఎన్‌డీఐఎస్ మాత్రం రాదు. ఎన్‌డీఐఎస్ ఖర్చు కోసమే 2014లో మెడికేర్ లెవీ అనే ఆదాయపు పన్నును 1.5 నుంచి 2 శాతానికి పెంచారు. ఆ లెవీ వీళ్ల జీతాల్లోంచి కూడా కోస్తారు. ఇది అన్యాయమనే నా అభిప్రాయం.

2023 జులై 1 నుంచి కొంత దారి తెరుచుకుంది. 444 మీద నాలుగేళ్లు ఉంటే, మధ్యలో పీఆర్ అక్కర్లేకుండా నేరుగా పౌరసత్వానికి అప్లై చేయొచ్చు. 16 ఏళ్లలోపు పిల్లల్ని అమ్మానాన్నల దరఖాస్తులోనే చేర్చొచ్చు. 2022 జులై 1 తర్వాత 444 ఉన్న తల్లికో తండ్రికో ఆస్ట్రేలియాలో పుట్టిన బిడ్డ పుట్టుకతోనే పౌరుడు. ఆ బిడ్డకు ఈ నాలుగేళ్ల నిరీక్షణ కూడా లేదు.

ఇక హైదరాబాద్ నుంచో, విజయవాడ నుంచో నేరుగా పీఆర్ తీసుకుని వెళ్లే దారి. అడుగుపెట్టిన రోజు నుంచే ఎన్‌డీఐఎస్‌కు అర్హత ఉంటుంది కాబట్టి కాగితం మీద ఇదే మేలు. చిక్కంతా వైద్య పరీక్ష దగ్గర. బిడ్డ చికిత్సకు, సంరక్షణకు ప్రభుత్వానికి అయ్యే ఖర్చు అంచనా వేస్తారు. 2024లో పెట్టిన 86,000 డాలర్ల పరిమితి దాటితే బిడ్డకే కాదు, కుటుంబం మొత్తానికీ వీసా నిరాకరిస్తారు. నైపుణ్యాల పాయింట్లతో ఇచ్చే 189 అనే పీఆర్ వీసాలో మినహాయింపు అడిగే వీలు కూడా లేదు. 444కు గానీ, ఆ తర్వాతి పౌరసత్వానికి గానీ ఈ ఖర్చు లెక్క లేదు. 444 దారికున్న అసలు బలం ఇదే. న్యూజిలాండ్ రెసిడెన్సీకి కూడా ఇలాంటి వైద్య పరీక్ష ఉంది కాబట్టి, ఈ బలం ఉపయోగపడేది ఆ గడప ఇప్పటికే దాటినవాళ్లకే.

మరి కదలకుండా న్యూజిలాండ్‌లోనే ఉంటే? చైల్డ్ డిసెబిలిటీ అలవెన్స్‌కు ఆదాయ పరిమితి లేదు. పెద్దవాళ్లకు సపోర్టెడ్ లివింగ్ పేమెంట్ అనే భృతి ఉంది. దానికి రెసిడెంట్ అయ్యాక రెండేళ్లు వరసగా అక్కడ ఉండాలి, ఆదాయమూ చూస్తారు. వైకల్యం ప్రమాదం వల్ల వచ్చిందైతే ప్రభుత్వ ప్రమాద బీమా సంస్థ ఏసీసీ ఆదుకుంటుంది.

నన్నడిగితే, రోజూ మనిషి సాయం కావాల్సిన వాళ్లు ఇంట్లో ఉన్నప్పుడు ఎక్కువ జీతం కోసం నాలుగేళ్లు ఆ సాయం వదులుకోవడం మంచిది కాదు. ఆ జీతం తేడా థెరపీ ఖర్చుల్లోనే కరిగిపోవచ్చు. బిడ్డ అవసరం తక్కువై, సొంత డబ్బుతో నెట్టుకురాగలిగితే మాత్రం వెళ్లడమే నయం, అదీ తొందరగా. నాలుగేళ్ల లెక్క అక్కడ దిగాకే మొదలవుతుంది.

ఆస్ట్రేలియాలో వికలాంగుల పెన్షన్ విషయం వేరు. ఎన్‌డీఐఎస్ సేవలకైతే, ఈ పెన్షన్ బతకడానికి. 16 ఏళ్లు నిండాలి, పీఆర్ ఉన్నా మామూలుగా పదేళ్ల నివాసం కావాలి. వైకల్యం అక్కడ స్థిరపడ్డాక వస్తే ఆ పదేళ్ల షరతు ఉండదు. న్యూజిలాండ్‌తో ఆస్ట్రేలియాకు సామాజిక భద్రతా ఒప్పందం ఉంది. అందువల్ల పని వయసులో న్యూజిలాండ్‌లో గడిపిన ఏళ్లు కూడా కలుపుతారు, కానీ ఏ పనీ చేయలేనంత తీవ్రమైన వైకల్యం ఉన్నవాళ్లకే. ఇండియాతోనూ ఒప్పందం ఉంది కానీ, అది ఈ వికలాంగుల పెన్షన్‌కు వర్తించదు. హైదరాబాద్‌లో గడిపిన ఏళ్లు ఈ లెక్కలోకి రావు.

బయల్దేరే ముందు బిడ్డ పాస్‌పోర్టు చూసుకోండి. తండ్రి న్యూజిలాండ్ పౌరుడై, బిడ్డ ఇంకా ఇండియన్ పాస్‌పోర్టు మీదే ఉంటే వచ్చేది 461 అనే తాత్కాలిక వీసా. దాని మీద ఎన్‌డీఐఎస్ లేదు, నేరుగా పౌరసత్వానికి వెళ్లే దారీ లేదు. అందుకే బిడ్డ పౌరసత్వం న్యూజిలాండ్‌లోనే పూర్తి చేసుకుని కదలండి. ఇండియా ప్రయాణాలు కూడా లెక్కపెట్టుకోవాలి. పౌరసత్వం కోసం ఆ నాలుగేళ్లలో బయట గడిపింది మొత్తం 12 నెలలు, చివరి ఏడాదిలో 90 రోజులు మించకూడదు.